క్లార్క్‌సన్ పెట్టె

లండన్‌కు ఉత్తరాన, ఒకప్పటి చిత్తడి నేలల్ని ఎండగట్టి పొలాలు చేసుకున్న ప్రాంతంలో ఉంది విజ్‌బీచ్. సంత జరిగే చిన్న పట్టణం. మధ్యలో నీన్ నది, దానిమీద వంతెన. వంతెన దగ్గరే గోపురంలా పైకి లేచిన రాతి కట్టడం... ఎత్తు 68 అడుగులు. అందులో నిలబడ్డ మనిషి రాజూ కాదు, సేనానీ కాదు. ఆ ఊరి బడిపంతులు కొడుకు థామస్ క్లార్క్‌సన్.

1785లో, పాతికేళ్ల వయసులో, కేంబ్రిడ్జిలో వ్యాసరచన పోటీకి రాశాడతను. ఇష్టంలేని మనుషుల్ని బానిసలుగా చేయడం న్యాయమేనా అన్నది విషయం. రాయాల్సింది లాటిన్‌లో. మొదలుపెట్టింది బహుమతి కోసమే, అది వచ్చింది కూడా. కానీ రాయడానికి చదివిన సంగతులు అతణ్ని వదల్లేదు. లండన్ వెళ్తూ వేడ్స్‌మిల్ అనే ఊరి దగ్గర గుర్రం దిగి దారి పక్కన కూర్చుండిపోయాడు. రాసిందంతా నిజమైతే ఎవరో ఒకరు దీన్ని ఆపాలి కదా అనిపించింది. ఆ చోట 1879లో ఓ రాతి స్తంభం నిలబెట్టారు.

1787లో లండన్‌లో పన్నెండు మంది కలిసి బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా కమిటీ పెట్టుకున్నారు. సాక్ష్యాలు సేకరించే పని క్లార్క్‌సన్‌ది. గుర్రమెక్కి రేవు పట్నాలన్నీ తిరిగాడు. ఓడల్లో పనిచేసిన నావికుల్ని వెతికి పట్టుకుని మాట్లాడించాడు. లివర్‌పూల్‌లో ఓ దుకాణంలో సంకెళ్లూ, వేళ్లు నొక్కే మరలూ కొన్నాడు. అదే ఊళ్లో కొందరు అతణ్ని సముద్రంలోకి తోసెయ్యబోతే తప్పించుకు బయటపడ్డాడు!

సంకెళ్లు చూపించి ఊరుకోలేదు. ఆఫ్రికావాళ్లు నేసిన బట్టలు, తోలు వస్తువులు, మిరియాలు, ఏనుగు దంతం... అన్నీ ఓ చెక్క పెట్టెలో సర్ది వెంట తీసుకెళ్లేవాడు. ఇంత పనితనం ఉన్నవాళ్లతో మనుషుల వ్యాపారమెందుకు, సరుకుల వ్యాపారం చేసుకోవచ్చుగా అన్నది అతని వాదన. వ్యాపారులతో వ్యాపారం భాషలోనే మాట్లాడాడన్నమాట. ఆ పెట్టె విజ్‌బీచ్ మ్యూజియం సేకరణలో ఉంది.

పోరాటం వంటింట్లోకీ వచ్చింది. బానిసలు పండించిన చక్కెర ముట్టబోమని వేల కుటుంబాలు మానేశాయి. 'బానిసలు పండించని ఈస్టిండియా చక్కెర' అని రాసిన గిన్నెలు అమ్మకానికొచ్చాయి. మన దేశం పేరు అక్కడి టీ బల్లలమీద అలా కనిపించింది.

1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించారు. బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం 1833లో వచ్చింది. రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చారు... బానిసలకు కాదు, యజమానులకు! కంపెనీ ఏలుబడిలోని భారతదేశానికి ఆ చట్టం వర్తించలేదు. ఇక్కడ అలాంటి చట్టం రావడానికి 1843 దాకా పట్టింది. ఇక చెరకు తోటల్లో బానిసల ఖాళీని నింపింది మనవాళ్లే. కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఒప్పంద కూలీలుగా మారిషస్‌కు ఓడలెక్కారు. 1860 నుంచి మద్రాసు మీదుగా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కూ వెళ్లారు.

క్లార్క్‌సన్ 1846లో కన్నుమూశాడు. విజ్‌బీచ్‌లో స్మారకం లేచింది 1881లో. నమూనా గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అప్పటికే చనిపోయాడు. కింద చుట్టూ చెక్కిన శిల్పాల్లో విల్బర్‌ఫోర్స్, గ్రాన్విల్ షార్ప్ ఉన్నారు. మూడోది మోకాళ్లమీద కూర్చుని సంకెళ్ల చేతులు జోడించిన బానిస. అతనికి మాత్రం పేరు లేదు.

నది ఒడ్డునే 1722లో కట్టిన పెకోవర్ హౌస్ ఉంది, క్వేకర్ బ్యాంకర్ల ఇల్లు. అవతలి ఒడ్డున ఆక్టేవియా హిల్ పుట్టిన ఇల్లు. పేదల ఇళ్ల కోసం పాటుపడి, నేషనల్ ట్రస్ట్ స్థాపకుల్లో ఒకరైన మహిళ ఆమె. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' చేతిరాత ప్రతి కూడా పెట్టె ఉన్న మ్యూజియందే. అంత చిన్న ఊరికి ఇది పెద్ద భాగ్యమే.

చుట్టుపక్కల పొలాల్లో కూరగాయలు కోసేవాళ్లలో చాలామంది తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లను అప్పుల్లో ముంచి, కిక్కిరిసిన ఇళ్లలో ఉంచి, కూలి మింగేసిన మేస్త్రీల మీద 2010 తర్వాత పోలీసులు దాడులు చెయ్యాల్సి వచ్చింది. 2015లో బ్రిటన్ ఆధునిక బానిసత్వ నిరోధక చట్టం చేసింది. నాటి యజమానుల పరిహారం కోసం చేసిన అప్పును బ్రిటన్ ఖజానా పూర్తిగా తీర్చిందీ ఆ ఏడాదే.