కామెర్లొస్తే నీళ్ల సంగతి అడగాలి

విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో పొద్దున్నే బెంచీలు నిండిపోయాయి. తెలిసినవాళ్ల కంట పడకూడదని, దగ్గర్లో ఉన్న సెంటర్ని వదిలేసి తొలిబస్సుకి ఇక్కడిదాకా వచ్చేవాళ్లూ ఉన్నారు. దేశంలో ఉచితంగా ఈ మందులివ్వడం 2004లో మొదలైంది. ఇప్పుడు ఎక్కువమందికి రోజుకొక్క బిళ్ళ చాలు. హెచ్‌ఐవీతో పాటు హెపటైటిస్ సి ఉన్నవాళ్లకి 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ ఉచితం. చాలామందికి 12 వారాల్లో ఆ వైరస్ పోతుంది. నేను వెళ్లింది మాత్రం ఎవరూ పెద్దగా అడగని మూడోదాని గురించి. అదే హెపటైటిస్ ఇ, మురుగు కలిసిన నీళ్లతో వస్తుంది.

బందరు వైపు నుంచి వచ్చిన ఒకాయన కౌన్సెలర్ ఎదుట కూర్చున్నాడు. హెచ్‌ఐవీకి ఏళ్లుగా మందులు వాడుతున్నాడు, సి ఉందని ఈమధ్యే తేలింది. "కళ్ళు పచ్చబడితే ఈ బిళ్ళల వేడేమో అనుకున్నానమ్మా" అన్నాడు. బిళ్ళలు మానేసి పసరు తాగాడు, మణికట్టు మీద వాత పెట్టించుకున్నాడు. ఆ మచ్చ ఇంకా నల్లగానే ఉంది. తర్వాత రక్తపరీక్షలో బయటపడింది హెపటైటిస్ ఇ.

కౌన్సెలర్ కసురుకోలేదు. "ఎన్నాళ్లు మానేశావన్నా?" అని అడిగి పుస్తకంలో రాసుకుంది. "ఇంకోసారి ఇలా అయితే ముందు ఇక్కడికే రా. ఏది ఆపాలో డాక్టరుగారు చెప్తారు. నీ అంతట నువ్వు ఏదీ ఆపొద్దు."

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇ కొద్దివారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. సి వల్ల ఏళ్ల తరబడి గట్టిపడిన కాలేయం మీద పడితే మాత్రం ప్రమాదం. గర్భిణులకైతే ప్రాణాంతకమే కావచ్చు. సీడీ4 అనే రక్షణ కణాలు బాగా తగ్గినవాళ్లలో యాంటీబాడీలు ఆలస్యంగా పుడతాయి, ఒక్కోసారి పుట్టవు కూడా. మామూలు పరీక్షలో లేదని వచ్చినంత మాత్రాన లేదనుకోకూడదు, వైరస్ ఆర్‌ఎన్‌ఏని వెతకాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఒంట్లో ఇ నెలల తరబడి తిష్ఠవేసిన కేసులు ఐరోపాలో బయటపడ్డాయి. అది పందుల నుంచి వచ్చే మూడో రకం. మనవాళ్లకి ఎక్కువగా సోకేది నీళ్లతో వచ్చే ఒకటో రకం. 1955-56లో యమునలోని మురుగు మంచినీళ్లలో చేరి ఢిల్లీలో సుమారు 29 వేలమందికి కామెర్లు తెచ్చింది ఇదే.

నీళ్లు తాగిన రెండు నుంచి ఎనిమిది వారాలకి గానీ జబ్బు పైకి కనబడదు. 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మురుగంతా ఇళ్లలోకొచ్చింది. అలాంటి నీళ్లు తాగినవాళ్లకి కామెర్లొస్తే దసరాకో దీపావళికో వస్తాయి. అప్పటికి వరద సంగతి రోగీ చెప్పడు, డాక్టరూ అడగడు. నింద మందుల మీద పడుతుంది.

నీళ్లలో మురుగు ఎలా కలుస్తుందో చూద్దామని మధ్యాహ్నం బంటుమిల్లి వైపు ఒక ఊరికి వెళ్లాను. అక్కడ బోరు వేస్తే ఉప్పునీళ్లే. కాలవలు కట్టేసేలోపు చెరువు నింపుకుని, వడగట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకుకెక్కిస్తారు. పంపు ఆపరేటర్ గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేశాడు. ట్యాంకు కింద కుళాయి నీళ్లు పసుపు రంగుకి తిరిగాయి, క్లోరిన్ ఉందన్నమాట. కాలనీలో చివరి కుళాయి దగ్గర ఎంతసేపు చూసినా రంగు రాలేదు. లీటరుకి 0.2 మిల్లీగ్రాములైనా మిగలాల్సిన చోట అది.

పైపు మురుక్కాలవలోంచే వెళ్తోంది. "నీళ్లు ఆపినప్పుడు పైపు ఖాళీ అవుద్దండి, అతుకుల కాడ చుట్టూ ఉన్నది లోపలికి లాగేసుకుంటది" అన్నాడతను.

ఆ వీధిలో రోజూ 20 లీటర్ల టిన్ను కొనగలిగేది కొందరే. మిగతావాళ్లని కాచుకు తాగమని ఆశా కార్యకర్త చెప్తోంది గానీ, గ్యాసు బండ నెల రాకుండానే అయిపోతోందంటున్నారు. ఏఆర్‌టీ సెంటర్లో ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు, రాత్రి చెమటల గురించి అడుగుతారు, క్షయని పట్టుకోవడానికి. ఆ వరసలోనే తాగే నీళ్లెక్కడివని కూడా అడగాలి. వచ్చిన జవాబు ఫైల్లో ఉండిపోకుండా, పైపులు వేయించే ఇంజినీరు దాకా వెళ్లాలి.