శిథిలగృహమునకు రంగు

బల్లపై బొమ్మసైన్యముల నాడించు మా సంఘముకొఱకు, కల్పితగ్రహమునందలి శిథిలగృహ మొకటి థర్మోకోలుతో చేసి రంగు వేసితిమి. ద్రావకముగల పిచికారిరంగు తగిలిన థర్మోకోలు కరగిపోవును. కావున నీటిరంగే శరణ్యము. మొదట నలుపు. పిమ్మట కుంచెను గుడ్డపై తుడిచి, మిగిలిన బూడిదరంగును అంచులపై రాచినచో రాతిగరుకు తేలును. పలుచని గోధుమరంగునీరు పగుళ్లలో దిగి త్రుప్పై నిలుచును. ఎంత ముచ్చటైన పని!

కిటికీపై మసి అద్దునపుడు మాత్రము చేయి నిలిచినది. మంట లోపలనుండి వెడలినదన్నమాట, లోపల నెవరుండిరో! ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను పుస్తకమున ఇట్టి క్రీడకు నియమములు వ్రాసి, నిజయుద్ధముకంటె ఇదియే మేలనెను. మఱుసటియేడే మహాయుద్ధము వచ్చెను. మేమును ఆయన పక్షమువారమే. అయినను 28 మిల్లీమీటర్ల సైనికులు దాగు ఆ గోడవెనుక చిన్న ఊయల యొకటి అతికించితిమి. బొమ్మలు నిలుపుటకు అడ్డమని సంఘమున నొకరు సణిగిరి. తీసివేయలేదు.