గుటుక్కుమన్న చోటే గాలం: వసంతంలో శామీర్‌పేట చెరువు

యూట్యూబ్‌లో 'స్ప్రింగ్ బాస్ ఫిషింగ్' అని కొట్టి చూడండి. టెక్సస్ నుంచి మిన్నెసోటా దాకా టోపీలు పెట్టుకున్న అన్నలందరూ ఒకటే చెబుతారు. చలికాలం పోయింది, నీళ్లు వేడెక్కుతున్నాయి, లోతులో పడుకున్న చేప ఒడ్డుకి వస్తోంది, ఎండ బాగా తగిలే మూల చూసుకుని మధ్యాహ్నం గాలం వేయండి అని. ఆ వీడియో చూసి, అదే రబ్బరు కప్పని ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, మార్చిలో ఓ ఆదివారం టిఫిన్ చేసి తీరిగ్గా పదకొండింటికి శామీర్‌పేట చెరువు మీదికి వచ్చే కుర్రాళ్లని ఏటా చూస్తుంటాను. రెండు గంటలు కొట్టేసరికి అందరూ కూల్‌డ్రింక్ బండి దగ్గర తేలతారు.

వీడియోలో అన్న అబద్ధం చెప్పలేదు. ఆయన వసంతం వేరు, మన వసంతం వేరు, అంతే.

అక్కడ బాస్ అంటే లార్జ్‌మౌత్ బాస్. నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. నీళ్లు 15 డిగ్రీలు దాటాక లోతు తక్కువ చోటికి వచ్చి గూడు చేసే పనిలో పడుతుంది. 24 డిగ్రీల దాకా ఆ హడావిడి సాగుతుంది. డాలస్‌లో ఉన్న మా బ్యాచ్ వాళ్లకి మార్చి, ఏప్రిల్ వీకెండ్లంటే లూయిస్‌విల్ లేక్ ఒడ్డే. లైసెన్స్ కొనుక్కుంటారు, టేపు పెట్టి కొలుస్తారు. టెక్సస్‌లో మామూలు రూలు ప్రకారం లార్జ్‌మౌత్ రోజుకి ఐదు మించి ఉంచుకోకూడదు, 14 అంగుళాలకి తగ్గితే వదిలెయ్యాలి. ఫొటో మాత్రం మా గ్రూపులో వదులుతారు, ఇక్కడ మాకు అర్ధరాత్రి.

మన చెరువు నీళ్లు సంక్రాంతి చలిలో కూడా 15 డిగ్రీలకి దిగవు. హోలీ నాటికి, మోదుగ పూలు రాలే రోజులకి, మధ్యాహ్నం పైపొర ముప్పైకి దగ్గర్లో ఉంటుంది. అక్కడి చేప ఎండ కోసం ఒడ్డుకొస్తే ఇక్కడి చేప ఎండ నుంచి దాక్కోవడానికి నీడ వెతుక్కుంటుంది. పైగా మన దగ్గర బాసే లేదు. ఆ ఉద్యోగం చేసేది కొర్రమీను. చాలా ఊళ్లలో బొమ్మె అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప. తుంగలో, తామరాకుల కింద కదలకుండా పొంచి ఉండి, కప్పో చిన్న చేపో దగ్గరికి రాగానే ఒక్క ఉదుటున మింగేస్తుంది. అందుకే బాస్ కోసం చేసిన రాడ్డు, రీలు, రబ్బరు కప్ప దీనికీ అతికినట్టు సరిపోతాయి. సామాను మారదు, క్యాలెండరు మారుతుంది.

ఇక్కడో తమాషా. మన కొర్రమీనుకి దగ్గరి చుట్టం, నార్తర్న్ స్నేక్‌హెడ్ అనే చేప, 2002లో అమెరికాలో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ అనే ఊరి చెరువులో దొరికింది. దేశమంతా గగ్గోలు. గాలి పీలుస్తుందట, నీళ్లు లేకపోయినా బతుకుతుందట, మన చేపలన్నీ తినేస్తుందట అని పేపర్లు 'ఫ్రాంకెన్‌ఫిష్' అని పేరు పెట్టాయి. చివరికి బాస్ పట్టేవాళ్లే దాని వెంట పడ్డారు, వండుకుంటే రుచి తెలిసింది. 2024లో మేరీల్యాండ్ దానికి 'చెసపీక్ చానా' అని కొత్త పేరు పెట్టింది. చానా అనేది ఆ జాతి శాస్త్రీయ నామం. మన చనా మసాలాకీ దానికీ సంబంధం లేదు.

ఇక చెరువు సంగతి. సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్టాండ్ నుంచి కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట దాటితే శామీర్‌పేట. రాజీవ్ రహదారి మీద పాతిక కిలోమీటర్లలోపే. నిజాం కాలం నాటి పెద్ద చెరువు ఇది. కట్ట మీద కట్టమైసమ్మ గుడి, ఆదివారాలు అక్కడ మొక్కులు, వంటలు, జనం. గాలం వేసేవాళ్లకి ఆదివారం పనికిరాదు. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉన్న ఏ బుధవారమో తెల్లవారుజామున వెళ్లి, స్టాండప్ కాల్ టైమ్‌కి ఇంటికొచ్చేయడం నా పద్ధతి.

వసంతంలో చెరువు వెనక్కి నడుస్తుంది. వానాకాలంలో మత్తడి దాకా నిండిన నీళ్లు ఉగాదికి శిఖం లోపలికి తగ్గిపోతాయి. తడి ఆరిన బురద నెర్రెలిచ్చి, దాని మీద పళ్లెం సైజులో గుండ్రటి గుంటలు వరసగా కనిపిస్తాయి. మొదటిసారి చూస్తే ఏదో జంతువు అడుగులనుకుంటారు. అవి తిలాపియా మగ చేపలు గుడ్ల కోసం తవ్విన గుంటలు. నీళ్లు తగ్గాక బయటపడ్డాయి. వాటిని చూస్తే చెరువు అడుగు మ్యాపు చూసినట్టే. గుంటలు ఎక్కడ ఆగిపోయాయో అక్కడి నుంచి లోతు మొదలవుతుందని ఓ లెక్క.

నీళ్లు తగ్గిన కొద్దీ గడ్డి, నాచు, గుర్రపుడెక్క ఒకచోట చేరతాయి. అసలు కథ ఇక్కడే. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి తొమ్మిది మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి అది ఏడున్నరకి తగ్గుతుంది. అది కూడా మంచి నీళ్లలో. నాచు పట్టిన చెరువులో రాత్రంతా మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటాయి, సూర్యుడు లేడు కాబట్టి తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. దాంతో తెల్లారే వేళకి నీళ్లలో ఊపిరి బాగా తక్కువ. చిన్న చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, మత్తుగా తిరుగుతుంటాయి.

కొర్రమీనుకి ఈ బాధ లేదు. తలలో మొప్పల పైన గాలి పీల్చుకోవడానికి ప్రత్యేకంగా ఒక గది ఉంటుంది. మొప్పలు ఒక్కటే దానికి చాలవు, పైకొచ్చి గాలి మింగకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్కెట్లో టబ్బు అడుగున రెండు చెంబుల నీళ్లలో గంటల తరబడి బతికి ఉండేది ఈ గది వల్లే. కాబట్టి తెల్లవారుజామున చెరువులో అందరూ నీరసంగా ఉన్నప్పుడు, కడుపునిండా ఊపిరితో తిరిగే వేటగాడు అదొక్కటే. వసంతంలో ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా గాలం బాగా పలకడానికి కారణం ఇదేనని నా లెక్క. ఎండ ముదిరాక వదిలెయ్యండి. మళ్లీ సాయంత్రం అయిదు తర్వాతే.

అదే గాలి దాన్ని పట్టిస్తుంది కూడా. ఒడ్డుకి రాగానే రాడ్డు విప్పకండి. పదిహేను నిమిషాలు ఊరికే నిలబడి వినండి. తిలాపియా పైకొస్తే చిన్న వలయం, చప్పుడుండదు. తాబేలు తల పెట్టి చూసి మెల్లగా దిగుతుంది. కొర్రమీను వస్తే 'గుటుక్' మంటుంది. నల్లటి వీపు ఒక్కసారి దొర్లి, వెనకాల ఒకటో రెండో బుడగలు. అది వెళ్లిన దిక్కు గుర్తు పెట్టుకోండి. మళ్లీ ఊపిరికి పైకి రాక తప్పదు, అదీ చాలావరకు ఆ చుట్టుపక్కలే. చెరువంతా విసిరి చేతులు నొప్పి పుట్టించుకునేకంటే ఈ పావుగంట ఓపిక నయం.

రాడ్డు ఏడడుగులది, గట్టిది కావాలి. దారం అల్లిన రకం, 40 పౌండ్లకి తగ్గొద్దు. చేప బరువుకి కాదు, గడ్డి బరువుకి. కప్పని గుటుక్ మన్న చోట నెత్తి మీద పడేయొద్దు. రెండు మూడు గజాలు అవతల, ఆకుల మీద పడేసి, మెల్లగా లాక్కుంటూ ఆకుల మధ్య సందు దగ్గరికి రాగానే ఆపండి. అసలైన కప్ప అక్కడ ఆగుతుంది కదా. అయిదు సెకన్లు ఆపడం కొత్తవాళ్లకి అయిదు నిమిషాల్లా ఉంటుంది. నీళ్లు పగిలినట్టు చప్పుడవుతుంది, కప్ప మాయమవుతుంది. అప్పుడు వెంటనే గుంజితే కప్ప ఒక్కటే ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. కొర్రమీను నోట పట్టి కిందకి తిరిగి అప్పుడు మింగుతుంది. దారం బిగిసి బరువు తెలిసేదాకా ఆగి, అప్పుడు కొట్టండి. ఆ తర్వాత జాలి పడకుండా గడ్డిలోంచి బయటికి లాగెయ్యాలి, తుంగ వేళ్లలోకి దూరిందంటే ఇక అది మీది కాదు.

గాలం ముళ్లని శ్రావణంతో నొక్కేసుకుంటే చేపని వదలడం తేలిక. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా ఒడ్డున పారెయ్యొద్దు, నీటికాకుల కాళ్లకి చుట్టుకుంటుంది.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. చెప్పకుండా దాటేసేది తర్వాతది.

కొర్రమీను గుడ్లు పెట్టే అసలు సీజన్ వానాకాలం. కానీ ఎండిపోని చెరువుల్లో అంతకుముందు కూడా, ముఖ్యంగా ఎండాకాలపు గాలివానలు ఒకటి రెండు పడ్డాక, పిల్లలు కనిపిస్తాయి. నీళ్ల మీద ఓ చోట ఎర్రగా, వందల పిల్లలు ఒక ముద్దలా కదులుతుంటాయి. అన్నీ ఒకేసారి గాలికి పైకొస్తే అక్కడ మాత్రమే చినుకులు పడుతున్నట్టు ఉంటుంది. వాటి కింద అడుగు లోతులో తల్లో తండ్రో, ఒక్కోసారి ఇద్దరూ, కాపలా ఉంటారు. వారాల తరబడి వదిలి పోవు. ఆ ఎర్ర ముద్ద మీంచి కప్పని లాగితే చాలు, పెద్ద చేప వచ్చి కొట్టి తీరుతుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికి ఎవరో వచ్చారన్న కోపంతో. గాలం ప్రపంచంలో ఇంతకంటే గ్యారంటీ ఉన్న చేప లేదు. రీల్స్‌లో మీరు చూసే పెద్ద పెద్ద కొర్రమీను వీడియోలు కొన్ని ఇలా వచ్చినవే. నీళ్ల మీద ఆ ఎర్ర మచ్చ కనిపిస్తోందేమో ఈసారి ఆపి చూడండి.

"పట్టి వదిలేస్తాం కదా, ఏమైంది?" అంటారు. ఇదే ప్రశ్న అమెరికాలో బాస్ గూళ్ల మీద ఏళ్లుగా నలుగుతోంది. అక్కడ గూటికి కాపలా ఉండేది మగ బాస్. దాన్ని గాలానికి లాగి ఫొటో దిగి వదిలేలోపు బ్లూగిల్ అనే చిన్న చేపలు వచ్చి గుడ్లు ఊడ్చేస్తాయి. టెక్సస్‌లో బాస్‌కి మూసివేత సీజన్ లేదు, గూటి మీద వేయడం మానుకోవాలా వద్దా అన్నది ఎవరి మనసుకి వాళ్లకే వదిలేశారు. ఇక్కడా అంతే.

నాకు ఈ లెక్క అర్థమయ్యేలా చెప్పింది ఆ ఒడ్డున వల ఆరేస్తున్న ఓ పెద్దాయన. "తాతా, ఇక్కడ వెయ్యొచ్చా?" అనడిగితే ఎర్ర ముద్ద వైపు గడ్డం ఆడించి, "గవి పిల్లలు బిడ్డా. తల్లిని గుంజినవనుకో, పొద్దుగూకేసరికి ఒక్కటి మిగలదు. మీరు ఇడిసిపెడ్తరు, మాకు వచ్చే ఏడు చేప ఉండదు" అన్నాడు. తిలాపియాలు, జెల్లలు, నీటికాకులు అన్నీ ఆ పిల్లల కోసం కాచుకునే ఉంటాయి. చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. మనం అక్కడ అతిథులం. అడిగి వెయ్యాలి, వద్దన్న చోట వెయ్యకూడదు. నీళ్లు తగ్గే ఈ నెలల్లోనే వాళ్లు వలలు దింపుతారు, మృగశిర కార్తె నాటికి ముషీరాబాద్, రాంనగర్ మార్కెట్లలో కొర్రమీను రేటు చూశారుగా. మనకి వీకెండ్ సరదా, వాళ్లకి సంవత్సరం జమాఖర్చు.

అందుకని నా పద్ధతి ఒకటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ సగం దాకా కప్ప. ఎర్ర ముద్ద కనిపిస్తే ఆ వైపు మొత్తం వదిలేసి వేరే మూలకి. మొదటి గాలివాన పడ్డాక కప్పని డబ్బాలో పెట్టేసి, వానాకాలం అయ్యేదాకా తియ్యను. ఆ తర్వాత చపాతీ పిండి ముద్ద, చిన్న గాలం, బెండుగా నెమలి ఈక కాడ. తిలాపియాకి ఇంతకు మించి అక్కర్లేదు, సాయంత్రం గంటలో అరడజను వస్తాయి. అవి దేశవాళీ చేపలు కావు, పిల్లల్ని తినడంలో ముందుంటాయి కూడా, కాబట్టి తాత వద్దనడు. మా ఇంట్లో మాత్రం ఆరు దాటితే ఒప్పుకోరు. పొలుసు తీసే డ్యూటీ నాదే, బాల్కనీ కడిగే డ్యూటీ కూడా నాదే.