బందరు గాలి

ఉద్యోగరీత్యా దేవరకొండకు వచ్చి ఆరేళ్లయినది. ఇక్కడి గాలిలో రాతిగుట్టల వేడిమి ఉన్నది. మా బందరు గాలిలో ఉప్పుతడి ఉండేది. ఫజర్ నమాజు కాగానే అబ్బా వెంట కోనేరు సెంటరు దాకా నడక, ఆదివారం మంగినపూడి ఒడ్డున తడి ఇసుకలో ఆటలు, తిరిగి వచ్చేటప్పుడు కాగితపు పొట్లంలో బందరు లడ్డు. ఇవే నా బాల్యపు భాగ్యాలు.

ఆ సముద్రమే 1864 నవంబరు 1 రాత్రి ఊరిని ముంచినది. 1977లో దివిసీమలో వేలమందిని బలిగొన్నది. అయినను అమ్మీ ఊరు విడువదు. నాతో రమ్మంటే, "మీ అబ్బా ఖబరు ఇక్కడున్నది గదా బేటా" అంటుంది.

నిరుడు విద్యార్థులతో డిండి జలాశయానికి వెళ్లినాము. "సముద్రం ఇంతకన్నా పెద్దదా సార్?" అని ఒక విద్యార్థి అడిగినాడు. "ఈ వాగు కృష్ణలో కలుస్తుంది. కృష్ణ హంసలదీవి వద్ద సముద్రంలో కలుస్తుంది. అక్కడికి చేరువలోనే మా అమ్మ ఉన్నది" అన్నాను.

నీరు సైతం అటు పోవుచున్నది. నేను రంజాన్ పండుగకైనా పోలేదు! పిల్లవాని ప్రశ్నకు జవాబు పూర్తి చేయలేకపోయినాను.

ఆ శనివారమే బందరు బస్సెక్కినాను.