తూకపు రాళ్లు

మా తాతయ్య కిరాణా కొట్లో తక్కెడకు శనివారం రాత్రి తలంటు. మర్నాడు గుడికి మేం తయారైనట్టే అదీ తయారయ్యేది. ఇత్తడి పళ్లేలు చింతపండుతో తోమి, గొలుసులు తుడిచి, ఇనప రాళ్లు బోర్లించి అడుగున సీసం బిళ్ల సరిగ్గా ఉందో లేదో చూసేవాడు. తూనికల శాఖవాళ్ల ముద్ర ఆ సీసం మీదే ఉంటుంది. "చింతపండు పళ్లెం తోమడానికేరా, కింద అంటించడానికి కాదు" అనేవాడు. కింద అంటించిన ముద్ద ఎంత సంపాదించి పెడుతుందో బజారులో అందరికీ తెలుసు.

ఇనుముతో చేసినా మనం వాటిని రాళ్లనే అంటాం. హీబ్రూలోనూ అంతే, రాయికీ తూకపు గుండుకూ ఒకటే మాట: ఎవెన్. పూర్వం యూదయలో వర్తకులు నున్నగా చెక్కిన సున్నపురాతి గుండ్లు సంచిలో వేసుకుని తిరిగేవాళ్లు. తవ్వకాల్లో దొరికిన షెకెలు రాయి 11 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ద్వితీయోపదేశకాండం ఆ సంచిలోనే చెయ్యిపెట్టి వెతుకుతుంది. కొనడానికో పెద్ద రాయి, అమ్మడానికో చిన్న రాయి దాచుకోవద్దంటుంది. సరైన రాయిని 'షెలేమా' అంటుంది, అంటే లోటు లేనిది, నిండైనది. 'షాలోం' ధాతువూ అదే. ఆమోసు ప్రవక్త మండిపడిన వర్తకులు విశ్రాంతిదినాన కొట్టు మూసేవాళ్లే. కాకపోతే ఆ దినం ఎప్పుడు గడుస్తుందా, కొలత తగ్గించి ధాన్యం ఎప్పుడమ్ముదామా అని లోపల తహతహలాడేవాళ్లు.

నాకు పదేళ్లప్పుడు, వేసవి సెలవుల్లో ఓ సాయంత్రం, తాతయ్య అన్నానికి లేస్తూ నన్ను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. ఒకావిడ అరకిలో పంచదార అడిగింది. ముల్లు నిలవకముందే పళ్లెం అంచున బొటనవేలు ఆనించి, పొట్లం కట్టేశాను. ఆవిడ చూడలేదు. తాతయ్య రాగానే గొప్పగా చెప్పాను.

ఆయన తిట్టలేదు. "ఎంత తగ్గుంటుంది?"

"యాభై గ్రాములు."

"సండే స్కూల్లో జక్కయ్య కథ చెప్పారా?"

చెప్పారు. మేడిచెట్టెక్కిన పొట్టివాడని నాకు గుర్తు. తాతయ్యకు గుర్తున్నది అతని లెక్క. అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు కదా! 200 గ్రాములు తూచి, ఆ ఖరీదు నా క్రిస్మస్ డబ్బుల్లోంచి గల్లాలో వేయించి, పొట్లం నా చేతికిచ్చి, తాను లాంతరు పట్టుకున్నాడు.

ఆవిడ తలుపు తీసి నవ్వింది. "కొసరు కోసం ఇంత చీకట్లో రావాలా పెద్దయ్యా?"

"కొసరు కాదమ్మా, బాకీ."

బొటనవేలు ఎవరిదో మాత్రం చెప్పలేదు.

కొట్టు పోయి చాలా ఏళ్లయింది. కిలో రాయి ఒక్కటీ నా బల్లమీద కాగితాలు ఎగరకుండా కూర్చుంది. నా సంచిలో మాత్రం రెండు రాళ్లున్నాయి. నేను ఆలస్యంగా వెళితే ట్రాఫిక్కు, ఎదుటివాడు వస్తే నిర్లక్ష్యం. ప్రార్థనలో నావి బలహీనతలు, పక్కింటివాళ్లవి పాపాలు. కొండమీద కూర్చుని యేసు కొలత గురించి హెచ్చరించింది నాలాంటివాళ్లనే అయ్యుంటుంది.

మొన్న ఆఫీసు పనిమీద స్నేహితుడి బండెక్కి వెళ్లొచ్చాను. ప్రయాణపు బిల్లులో ఆటో చార్జీ 180 రూపాయలని రాశాను. అందరూ రాసేదే. కాగితం మీద పెడదామని రాయి ఎత్తి, ఎందుకో బోర్లించి చూశాను. సీసం బిళ్ల చెక్కుచెదరలేదు.

180 కొట్టేశాను. పోయిన నెలల బిల్లులున్నాయి. జక్కయ్య లెక్కన అవి ఇంకా బాకీయే.