జాన్‌పహాడ్‌లో చూసిన ఆసుపత్రి

సూర్యాపేటలో బస్సు దిగేసరికి ఉదయం తొమ్మిది కూడా కాలేదు. అప్పటికే తారురోడ్డు వేడి చెప్పుల అడుగు నుంచి పాదాలకు తెలుస్తోంది. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. కావాలనే ఈ నెలలో వచ్చాను. భవనాలకు నక్షాలు గీయడం నా వృత్తి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ ఉన్న పల్లెలకూ తండాలకూ అందుబాటులో చిన్న ఆసుపత్రి కట్టాలని నా డాక్టరు మిత్రులు కొందరు అనుకుంటున్నారు. కరెంటు మీద, ఏసీల మీద బతికే భవనం వద్దన్నారు. ఇక్కడి మనుషుల పద్ధతులకు మర్యాద ఇచ్చేది కావాలన్నారు. మరి రోగితో వచ్చినవాళ్ళు ఈ ఎండలో ఎక్కడ కూర్చుంటారో, ఏం వండుకుంటారో, రాత్రి ఎక్కడ నడుం వాలుస్తారో చూడకుండా గీత గీయడం ఎలా?

2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. జిల్లాకు అది చేస్తున్న మేలు చిన్నది కాదు. కానీ నేను ఆ పట్నంలో ఎక్కువసేపు నిలవలేదు. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకుంటున్న ఫణిగిరి నాగారం మండలంలో ఉంది. దారి మళ్ళించాను.

పాము పడగలా లేచిన కొండ కనుక ఆ పేరు అంటారు. పైన స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదుల పునాదులు. 1941 నుంచి 1944 వరకు నిజాం పురావస్తు శాఖ ఒకసారి తవ్వింది, 2001 తరువాత మళ్ళీ తవ్వారు. నన్ను ఇంత దూరం రప్పించింది మాత్రం ఒక శాసనం. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఇక్కడ ధర్మచక్ర స్తంభం నిలిపినవాడు ఒక ప్రధాన వైద్యుడు. కృష్ణకు ఆవలి నాగార్జునకొండ విహారాల్లోనూ జ్వరపీడితుల కోసం ఒక మందిరం ఉన్నట్టు శాసనం చెబుతోంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఈ నేల మీద వైద్యానికి ఇంత గౌరవం ఉండేదని తెలిశాక ఆ గదుల పునాదులను చూసే తీరే మారిపోయింది. నడుమ ముంగిలి, చుట్టూ చిన్న గదులు, ముందు వసారా. ఏ గది గుమ్మంలో నిలబడినా ఎదుట ఆకాశం కనిపిస్తుంది. జబ్బు మనిషికి ఇంతకన్నా మంచి అమరిక నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు.

కోదాడలో ఒక రాత్రి ఉక్కపోతలో గడిచింది. తెల్లవారి హుజూర్‌నగర్ మీదుగా పాలకవీడు మండలానికి చేరాను. ఆ రోజు శుక్రవారం.

జాన్‌పహాడ్ సైదులు దర్గాకు ముస్లింలే కాదు, హిందువులూ లంబాడాలూ సమానంగా వస్తారు. జనవరి ఉర్సుకు వేలకు వేలు. మామూలు శుక్రవారం కూడా ట్రాక్టర్లు, ఆటోలు వరస కడతాయి. మొక్కు తీర్చుకునేవాళ్ళు కందూరు చేస్తారు. మేకనో కోడినో కోసి, అక్కడే వండి, బంధువులందరికీ పెట్టి, తామూ తిని వెళతారు. ఎక్కడ చూసినా మూడు రాళ్ళ పొయ్యిలు, నల్లబడ్డ గిన్నెలు, కొమ్మలకు వేలాడే ఉయ్యాలలు. పిల్లాడికి జ్వరం తగ్గిందని వచ్చిన తల్లి, పెళ్ళయి ఏళ్ళు గడిచినా కడుపు పండని జంట, పక్షవాతం వచ్చిన తండ్రిని మంచం మీద తెచ్చిన కొడుకులు, అందరూ ఒకే నీడలో ఉన్నారు. ఆసుపత్రుల్లోలా రోగికి నువ్వేమవుతావు, పాస్ ఉందా అని అడిగేవాళ్ళు లేరు. వైద్యం మానేసి దర్గానే నమ్ముకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళ కథలూ విన్నాను. అవి నన్ను బాధపెట్టాయి. అయినా మనిషి ఇక్కడికి ఎందుకు వస్తాడో అర్థం చేసుకోకుండా అతన్ని తిట్టిపోసే డాక్టరు దగ్గరికి అతను రెండోసారి రాడు.

ఒక వేపచెట్టు కింద జొన్నరొట్టెలు చేస్తున్న లంబాడా ముసలమ్మ దగ్గర కూలబడ్డాను. "రామ్ రామ్ యాడీ" అంటే నవ్వింది, రొట్టె చేతిలో పెట్టింది. యాడీ అంటే వాళ్ళ భాషలో అమ్మ. పచ్చిమిరపకాయల తొక్కుతో ఆ వేడి రొట్టె తిన్నాక నాకు మళ్ళీ ఒంట్లోకి సత్తువ వచ్చింది. పక్కనే ఆమె మనుమరాలు, ఒళ్ళో నెలల పాప. కందూరు ఆ పాప కోసమే.

"దవాఖానల మందు మంచిదే బిడ్డా. మనిషినే ఒంటిగ జేస్తరు" అంది ముసలమ్మ. "దీనికి నొప్పులొచ్చినప్పుడు నన్ను గేటు అవతల్నే నిలబెట్టిండ్రు. లోపట ఇది యాడీ యాడీ అని మొత్తుకుంటాంది. ఆ మాట అక్కడ ఒక్కలకు తెల్వదు."

ఏ ఆసుపత్రి అని నేను అడగలేదు. ఆమె ఒకప్పుడు తండాలో మంత్రసాని. నేల మీద కూర్చోబెట్టి, దూలానికి కట్టిన తాడు చేతికిచ్చి కాన్పు చేసేదట. ఇప్పుడు మానేసింది. ఎందుకని అడిగితే పెనం మీది రొట్టె తిప్పుతూ చెప్పింది. "నా చేతుల్ల ఇద్దరు తల్లులు పోయిండ్రు. నెత్తురు ఆగలె. అందుకే అందర్ని దవాఖానకే పొమ్మంట. గని తోడు ఒకరిని రానియ్యాలె గద!"

ఆమె అడిగినదానికి శాస్త్రం కూడా ఒప్పుకుంది. కాన్పు సమయంలో తల్లి కోరిన మనిషి పక్కన ఉండాలనీ, తనకు అనువైన భంగిమను తల్లే ఎంచుకోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం కోతలే. అప్పటికి దేశంలో ఇదే ఎక్కువ. దీన్ని తగ్గించడానికి మన రాష్ట్రంలోనే 2017 నుంచి నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ ఇస్తున్నారు. లంబాడాల భాష గోర్‌బోలి మాట్లాడే తండా ఆడపిల్లలు ఆ శిక్షణ పొంది కాన్పుగదిలో నిలబడితే, యాడీ అన్న పిలుపుకు పలికేవాళ్ళు లోపలే ఉంటారు.

మన పొరుగునే గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడి మనుషుల పద్ధతులకు తగ్గ ఆసుపత్రిని కట్టి చూపించారు. గోండులను పిలిచి మీ ఆసుపత్రి ఎలా ఉండాలని అడిగారు. పెద్ద భవనాలంటే భయం, తెల్ల బట్టలు మేము శవానికి కప్పుతాం, మావాళ్ళు పక్కన లేకపోతే మేము ఉండలేం అన్నారు వాళ్ళు. అందుకే శోధగ్రామ్ అనే తమ ఆవరణలో రోగులు బంధువులతో కలిసి ఉండేలా గుడిసెల వార్డులు కట్టారు. ఆసుపత్రికి వాళ్ళ దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. తమిళనాడు సిత్తిలింగి లోయలో రెజీ జార్జ్, లలిత అనే డాక్టరు దంపతులు 1993లో గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. అక్కడ వాళ్ళు సేవ చేసేవాళ్ళలో లంబాడాలూ ఉన్నారు. ఈ ముసలమ్మ బంధువుల వంటివాళ్ళే.

ఎండ తగ్గేదాకా ఆ వేపచెట్టు కిందే కూర్చుని నా నోటు పుస్తకంలో గీస్తూ పోయాను. వార్డుకు ముందు వసారా, వసారాకు ముందు చెట్లు, చెట్ల కింద పొయ్యిలు, నీళ్ళ తొట్టి. ఆషాఢంలో సీత్లా పండుగకు తండావాళ్ళు వేడుక చేసుకునేందుకు ఒక మూల ఖాళీ జాగా. సీత్లా పిల్లలను రోగాల నుంచి కాచే తల్లి కదా, టీకాలు వేసే చోటికి ఆమె పరాయిది కాదు. ఇక గాలి సంగతి. పెరూలోని లిమాలో జరిపిన పరిశోధన 2007లో వెలువడింది. పాతకాలపు ఎత్తైన కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న వార్డుల్లో, యంత్రాలతో గాలి ఆడించే కొత్త గదుల్లోకన్నా గాలి బాగా మారుతుందనీ, క్షయ అంటుకునే ముప్పు తక్కువనీ అందులో తేలింది. కిటికీలోంచి చెట్టు కనబడే రోగులు త్వరగా ఇంటికి వెళ్ళారని పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లోనే రాశాడు. ఆపరేషన్ గదికి యంత్రాలు తప్పవు. మిగతా భవనమంతా ఈ ఎండలోనూ గాలితో, నీడతో చల్లబడగలదని నా నమ్మకం.

నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేటప్పటికి చీకటి. ఊరి పొలిమేర నుంచే రైస్ మిల్లుల వాసన, ఉప్పుడు బియ్యం ఆవిరి. బాయిలర్లలో ఊకే ఇంధనం. మిగిలిన బూడిద దిబ్బలు దిబ్బలుగా పడి ఉంటుంది, గాలికి లేచి ఇళ్ళలోకి వస్తుంది. సరిగ్గా కాల్చిన ఊక బూడిదను సిమెంటులో కొంత భాగానికి బదులుగా వాడవచ్చు. ఊపిరితిత్తులను పాడు చేసే ఆ బూడిద ఆసుపత్రి గోడలో చేరితే దానికి అంతకన్నా మంచి చోటు లేదు. నేలకు పల్నాటి నాపరాళ్ళు, గోడలకు నది ఆవల పిడుగురాళ్ళ సున్నం. దూరం నుంచి గ్రానైటు, అల్యూమినియం రేకులు తెప్పించి, లోపల చల్లబరచడానికి ఏసీలు బిగించే పద్ధతి ఈ ఊళ్ళకు అనవసరపు ఖర్చు.

ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల రేపు ఆసుపత్రులు కట్టబోయే ఇంజనీర్లకు, డాక్టర్లకు, అధికారులకు ఒక విన్నపం. టెండరు పిలవకముందు మీ నక్షాను ఒక తండాకు తీసుకెళ్ళండి. సుద్దముక్కతో నేల మీద గదులు గీసి, కాన్పులు చేసిన ముసలమ్మలను అందులో నడిపించండి. తలుపు ఎటు ఉండాలో, పొయ్యి ఎక్కడ పెట్టాలో, తోడు వచ్చిన మనిషి ఎక్కడ పడుకోవాలో వాళ్ళను అడగండి. వాళ్ళు చెరపమన్న గీతలు చెరిపేసి, ఆ తరువాతే పునాది తవ్వండి.