గినీ పంది వీపు మీద తామర

మొన్న వేసవిలో కొండపల్లిలో బొమ్మలు చెక్కే యువకుడొకడు మా ఇంటికి వచ్చాడు. గజ్జలలో మొదలైన తామర నడుము చుట్టూ పాకి పొట్ట మీదికి వచ్చింది. జేబులోంచి సగం నొక్కిన ట్యూబు తీసి, "ఇది రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది డాక్టరు గారూ, మానేస్తే మళ్ళీ వస్తుంది. ఏడాదిగా ఇదే వరస" అన్నాడు. ట్యూబు మీద చిన్న అక్షరాలలో మూడు మందుల పేర్లున్నాయి: ఒకటి ఫంగస్‌కు, ఒకటి బాక్టీరియాకు, మూడవది క్లోబెటసాల్, అంటే మిక్కిలి బలమైన స్టెరాయిడ్.

అది చదవగానే నాకు గినీ పందులు జ్ఞాపకం వచ్చాయి. కారణం చెబుతాను.

గ్రీసియోఫల్విన్ అనే మందును 1939లోనే లండనులో ఒక పెనిసిలియం బూజు నుండి వేరు చేశారు. కానీ దాదాపు ఇరవై ఏళ్ళు అది తామర రోగికి అందలేదు. తలలో తామర వచ్చిన పిల్లలకు ఎక్స్‌రేలతో జుట్టు రాల్చిన కాలమది. 1958లో గ్లాస్గోలోని జెంటిల్స్ గినీ పందులకు తామర అంటించి, ఈ మందును నోటి ద్వారా ఇచ్చి నయం చేసినట్లు 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. ఆ వెంటనే మనుషులకు వాడడం మొదలైంది.

ఇటువంటి పరీక్షలో జంతువు వీపు మీద జుట్టు కత్తిరించి, చర్మాన్ని కాస్త గీకి, ఫంగస్ పూస్తారు. కొద్ది రోజులలో ఆ చోటు ఎర్రబడి పొట్టు లేస్తుంది. కొన్నింటికి మందు ఇస్తారు, కొన్నింటికి ఇవ్వరు. ఇవ్వనివి ఎందుకంటే, గినీ పందికి తామర సాధారణంగా కొన్ని వారాలలో దానంతటదే మానుతుంది. ఆ రెండవ గుంపు లేకపోతే, మానినది మందు వలననో శరీరం వలననో తెలియదు. ఎర్రదనం, వాపు చూసి మనం భయపడతాము కానీ, ఆ జంతువు శరీరం ఫంగస్‌తో చేసే పోరాటమే అది.

గ్రీసియోఫల్విన్ ఫంగస్‌ను అక్కడికక్కడ చంపదు, పెరగనీయదు, అంతే. కొత్తగా పుట్టే చర్మంలో, వెంట్రుకలో చేరి కాపలా కాస్తుంది. పాత పొర రాలిపోయే వరకు మందు వాడుతూనే ఉండాలి. చదువుకునే రోజుల్లో ఇది అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మాత్రం, తలలో తామర వచ్చిన ఒక పిల్లవాడికి రెండు వారాల మాత్రలిచ్చి, పొట్టు తగ్గగానే ఆపించాను. నెయ్యి అన్నంతోనో పాలతోనో వేసుకుంటే ఆ మాత్ర బాగా వంటబడుతుందని చెప్పనే లేదు. తల్లి మూడుసార్లు వాడిని చంకనెత్తుకుని వచ్చింది. మూడవసారి, తప్పు వాడి తలలో లేదు, నా చీటీలో ఉన్నదని తెలిసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఇక ట్యూబు సంగతి. గినీ పంది శరీరం చేసే ఆ పోరాటాన్నే స్టెరాయిడ్ అణచివేస్తుంది. ఎర్రదనం పోతుంది, దురద పోతుంది. ఫంగస్ నిశ్చింతగా అంచులు విస్తరించుకుంటుంది. పలు స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. అయినా ట్యూబు జేబులో ఉండనే ఉంది. ఈలోగా టెర్బినాఫిన్‌కు తరచూ లొంగని తామర ఫంగస్ ఒకటి మన దేశంలో వ్యాపించింది. 2020లో దానికి పెట్టిన పేరులో మన దేశం పేరే ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే.

ప్రయోగశాల జంతువు జీన్సు ప్యాంటు వేసుకోదు. ఈ కుర్రవాడు మే నెల ఎండలో రేకుల కింద పగలంతా కూర్చుని చెమటలో తెల్లపొణికి కర్ర చెక్కుతాడు. ఇంటిల్లిపాదికీ తువ్వాలు ఒక్కటే. అడిగితే భార్యకూ, పాపకూ కూడా బిళ్ళలున్నాయని బయటపడింది.

ట్యూబు మానమన్నాను. మొదటి వారం దురద పెరుగుతుందని ముందే హెచ్చరించాను. అయినా నాలుగవ రోజున కోపంగా ఫోను చేశాడు. ముగ్గురికీ ఒకేసారి వైద్యం, ఎవరి తువ్వాలు వారికి. ఎనిమిదవ వారానికి అతనికి నల్లమచ్చలు మాత్రం మిగిలాయి, దురద లేదు. మరి కొన్నాళ్ళు మాత్రలు కొనసాగించమన్నాను. ట్యూబు ఏదని అడిగితే నవ్వి, పారవేయలేదు, బీరువాలో ఉందన్నాడు. మర్నాడు తెప్పించుకుని నా బల్ల సొరుగులో పెట్టుకున్నాను.